తనంతట తానే శ్రుతి చేసుకునే గిటార్: స్పేర్ పార్టులు దొరకని చోట ఒక రిపేర్ కేసు

నల్లగొండలో నేను కీబోర్డులు, యాంప్లిఫైయర్లు, రిథమ్ ప్యాడ్లు, గిటార్లు రిపేర్ చేస్తాను. చర్చి బ్యాండ్ల వాళ్లు, పెళ్లి ఆర్కెస్ట్రాల వాళ్లు, కొత్తగా నేర్చుకునే పిల్లలు ఎక్కువగా వస్తుంటారు. మోటార్లు పెట్టుకుని తనంతట తానే ట్యూన్ చేసుకునే ఎలక్ట్రిక్ గిటార్ మా వైపు చాలా అరుదు. అమెరికాలో ఉన్న అక్కలు, బావలు, మేనమామలు పంపినవే ఒకటీ అరా కనిపిస్తాయి. అవి చెడిపోయినప్పుడు ఎవరి దగ్గరికి పోవాలో తెలియక మంచం కింద పెట్టేస్తారు. అలా మూలపడాల్సిన ఒక గిటార్ మళ్లీ ఎలా స్టేజీ ఎక్కిందో పూర్తిగా రాస్తున్నాను. యజమాని అనుమతి ఉంది. అతని పేరు, గిటార్ బ్రాండు రాయడం లేదు, వాటితో ఈ కేసుకు పని లేదు.

గిటార్ వచ్చినప్పటి పరిస్థితి

నకిరేకల్ వైపు కుర్రాడు. ప్రైవేటు ఉద్యోగం చేస్తూ ఆదివారాలు చర్చిలో గిటార్ వాయిస్తాడు. డల్లాస్‌లో ఉండే వాళ్లక్క సెకండ్ హ్యాండ్‌లో కొని తెచ్చి ఇచ్చింది. మొదట్లో ఇది మామూలు గిటారే. ఎవరో పాత యజమాని దాని ట్యూనింగ్ కీలు విప్పేసి, హెడ్‌స్టాక్ (గిటార్ తల) వెనక మోటార్ల కిట్ బిగించుకున్నాడు. ఆరు కీలకు ఆరు చిన్న మోటార్లు, వాటి మధ్య ఒక పలుచటి డబ్బా, అందులో బోర్డు, చార్జింగ్ బ్యాటరీ, నాలుగు బటన్లు, లైట్లు. బటన్ నొక్కి ఆరు స్ట్రింగులూ ఒకసారి మీటితే మోటార్లు గిర్రుమని తిరిగి శ్రుతి సరిచేస్తాయి.

"అన్నా, నిన్నమొన్నటిదాక మంచిగనే పనిచేసింది. ఇప్పుడు జి స్ట్రింగ్ కాడికొస్తె ముందుకు పోతది, ఎనకకొస్తది, ఆగుతనే లేదు. జర సేపటికి లైట్లన్నీ పోతున్నయ్" అన్నాడు. చార్జింగ్ ఫుల్ అని చూపిస్తున్నా రెండు మూడుసార్లు ట్యూన్ చేయగానే ఆగిపోతోందని కూడా చెప్పాడు. హైదరాబాద్‌లో చూపిస్తే ఒక చోట పార్టులు రావని చేతులెత్తేశారట. ఇంకో చోట కిట్ మొత్తం తీసేసి మామూలు కీలు వేయించుకొమ్మన్నారట. క్రిస్మస్ సీజన్ దగ్గర పడుతోంది, కుర్రాడికి టెన్షన్.

బయటి నుంచి చూస్తే గిటార్ బాగానే ఉంది. నెక్ నిటారుగా ఉంది, దాని మీది లోహపు పట్టీలు (ఫ్రెట్లు) అంతగా అరగలేదు, స్ట్రింగుల కదలికను సంకేతంగా మార్చే పికప్‌లు రెండూ పనిచేస్తున్నాయి. అంటే పాట పలికించే భాగంలో ఏ లోపమూ లేదు. లోపమంతా శ్రుతి చేసే భాగంలోనే ఉంది. ఈ కేసులో నేను తీసుకున్న ప్రతి నిర్ణయానికీ ఈ తేడాయే ఆధారం. బాగా చూసుకుంటే గిటార్ చెక్క తరాలు నిలుస్తుంది. దాని తలకు బిగించిన మోటారు, బ్యాటరీ, బోర్డు అంతకాలం ఉండవు. ముందుగా పోయేదాన్ని ఎక్కువకాలం ఉండేదాని నుంచి ఎప్పుడైనా విడదీయగలగాలి. పార్టులు వెతకడం ఆ తర్వాతి మాట.

పార్టులు ఎందుకు దొరకవు

దీని చరిత్ర కొంచెం తెలియాలి. పార్టుల కోసం తిరిగేవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. అమెరికా గిటార్ల కంపెనీ గిబ్సన్ 2007 డిసెంబర్‌లో రోబోట్ గిటార్ పేరుతో తన లెస్ పాల్ మోడల్ ఎలక్ట్రిక్ గిటార్ ఒకదాన్ని మార్కెట్లోకి తెచ్చింది. లోపలి సాంకేతికత జర్మనీలోని హాంబర్గ్‌కు చెందిన ట్రోనికల్ కంపెనీది. ఆ తొలి తరంలో పార్టులు గిటార్ ఒళ్లంతా పరుచుకుని ఉండేవి. బాడీ మీద స్ట్రింగులు ఆనే బ్రిడ్జ్‌లో ప్రతి స్ట్రింగ్‌కూ విడిగా సెన్సర్, బాడీ లోపల కంట్రోల్ బోర్డు, వాల్యూమ్ నాబ్‌ల వరసలో లైట్లు వెలిగే ఒక ప్రత్యేకమైన నాబ్, తల మీద మోటారు కీలు. బాడీ నుంచి తల దాకా కరెంటు, సంకేతాలు ఆ ఉక్కు స్ట్రింగుల మీదుగానే వెళ్లేవి. ఇంజనీరింగ్‌గా చూస్తే అద్భుతమైన పని అది, అందులో సందేహం లేదు. రిపేర్ చేసేవాడి వైపు నుంచి చూస్తే మాత్రం ఏ ఒక్క పార్టు పోయినా మిగతావన్నీ దానితో ముడిపడి ఉంటాయి.

తర్వాతి తరంలో అన్నింటినీ తల వెనక ఒకే డబ్బాలోకి తెచ్చారు. గిబ్సన్ దాన్ని మొదట మిన్-ఈట్యూన్ అని, తర్వాత జీ ఫోర్స్ అని పిలిచింది. ఇలాంటి వ్యవస్థనే ట్రోనికల్ వాళ్లు ట్రోనికల్‌ట్యూన్ పేరుతో వేరే కంపెనీల గిటార్లకు కూడా సరిపోయేలా విడి కిట్‌గా అమ్మారు. 2015లో గిబ్సన్ తన అమెరికా గిటార్లలో చాలా మోడళ్లకు దీన్ని తప్పనిసరి చేసింది. కొనేవాళ్లలో చాలామందికి అది నచ్చలేదు. మరుసటి ఏడాదే పాత పద్ధతి మోడళ్లు, మోటార్లున్న మోడళ్లు అని రెండుగా విడగొట్టారు. 2018 మే 1న గిబ్సన్ దివాలా రక్షణ కోరుతూ అమెరికా కోర్టుకు వెళ్లింది. కొత్త యాజమాన్యం వచ్చాక ఈ మోటార్ల దారి వదిలేసింది.

ఫలితం ఏమిటంటే ఈ వస్తువులు ప్రపంచంలో చాలా ఉన్నాయి గానీ షాపు అరల్లో లేవు. ఇష్టం లేక పీకేసిన కిట్లు మాత్రం విదేశీ సెకండ్ హ్యాండ్ సైట్లలో కనిపిస్తుంటాయి. మనకు ఆశ ఉన్నది అక్కడే. నచ్చక విప్పేసినవాళ్లు ఎక్కువ కాబట్టి పెద్దగా వాడని యూనిట్లు కూడా దొరుకుతాయి.

అసలు లోపం ఎక్కడ

మోటార్ల గిటార్ ట్యూన్ కావడం లేదంటే అందరూ మోటారునో బోర్డునో అనుమానిస్తారు. నేను మొదట నట్ చూస్తాను. ఫ్రెట్‌బోర్డు చివర, స్ట్రింగులు హెడ్‌స్టాక్ మీదికి దాటే చోట ఉండే ఆ తెల్ల ముక్కలో ఆరు గాడులుంటాయి. ఇటు మూడు, అటు మూడు కీలున్న తల మీద మధ్య స్ట్రింగులు డి, జి నట్ దాటగానే పక్కకు విరిగి వెళ్తాయి. తల వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి కిందికి కూడా వంగుతాయి. గాడి బిగుతుగా ఉంటే ఈ రెండు వంపుల దగ్గర స్ట్రింగ్ పట్టుకుంటుంది.

చేతితో ట్యూన్ చేసేవాళ్లకు ఇది 'టిక్' అని చిన్న శబ్దంతో తెలుస్తుంది. కీ తిప్పుతూ ఉంటే శ్రుతి కదలదు, ఉన్నట్టుండి ఒక్క గెంతు గెంతుతుంది. మనిషైతే చెవితో విని సర్దుకుంటాడు, స్ట్రింగ్‌ను వేలితో ఒకసారి లాగి వదులుతాడు. మోటారుకు ఆ తెలివి లేదు. అది తల చెక్కలో వచ్చే కంపనాన్ని కొలుస్తుంది. జి స్ట్రింగ్ 196 హెర్ట్జ్ దగ్గర ఆగాలి. తక్కువగా ఉందని బిగిస్తుంది, గాడిలో పట్టుకున్న స్ట్రింగ్ కదలదు. ఇంకా బిగిస్తుంది, స్ట్రింగ్ గెంతి 196 దాటిపోతుంది. ఎక్కువైందని వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. కుర్రాడు చెప్పిన "ముందుకు పోతది, ఎనకకొస్తది" ఇదే.

పరీక్ష సులువు. క్లిప్ ట్యూనర్ పెట్టి స్ట్రింగ్‌ను కచ్చితంగా జికి తెచ్చాను. నట్‌కూ కీకీ మధ్య ఉన్న ముక్కను వేలితో నొక్కి వదిలాను. మంచి నట్ అయితే స్ట్రింగ్ మళ్లీ జి దగ్గరికే వస్తుంది. ఇది పైనే నిలబడిపోయింది. ఈసారి స్ట్రింగ్‌ను ఫ్రెట్ల వైపు నుంచి లాగి వదిలితే కిందికి జారింది. డి స్ట్రింగ్‌లోనూ ఇదే, కాకపోతే కొంచెం తక్కువ.

ఎందుకిలా అయిందో అడిగితే తెలిసింది. అక్క ఇచ్చినప్పుడు 10తో మొదలయ్యే సెట్ ఉండేది, అంటే సన్న స్ట్రింగ్ 0.010 అంగుళం, లావుది 0.046. చర్చిలో సౌండ్ నిండుగా రావాలని కుర్రాడు 11 నుంచి 52 దాకా ఉండే సెట్ వేశాడు. గాడులు మొదటి నుంచీ అంత వెడల్పుగా లేవు, వాటిలో లావు స్ట్రింగులు ఇరుక్కున్నాయి. బిగింపు కూడా పెరిగింది. 10 సెట్‌లో ఆరు స్ట్రింగులూ కలిసి నెక్‌ను సుమారు 45 కిలోల బలంతో లాగుతాయి, 11-52 సెట్‌లో అది 50 దాటుతుంది. ఆ భారం నేరుగా చిన్న చిన్న గేర్ల మీద పడుతుంది.

జి స్ట్రింగ్ కీ విప్పి చూశాక మిగతా కథ తెలిసింది. మూత తీయగానే గ్రీజు నల్లగా కాకుండా బూడిద రంగులో, గింజలు గింజలుగా కనిపించింది. సూదితో కొంచెం తీసి తెల్ల కాగితం మీద రాస్తే సన్నటి పొడి మిగిలింది. భూతద్దం పెట్టి చూస్తే గేరు పళ్లలో ఒక వైపు నాలుగైదు అరిగి గుండ్రంగా అయ్యాయి, మిగతావి పదునుగానే ఉన్నాయి. గేరు మొత్తం సమానంగా అరిగితే అది వయసు వల్ల. ఒకే చోట అరిగిందంటే మోటారు పదే పదే అదే చోట ముందుకూ వెనక్కూ కొట్టుకుందన్నమాట. నట్ చెప్పిన కథనే గేరు కూడా చెప్పింది. మిగతా ఐదు కీలలో నాలుగింటి గ్రీజు శుభ్రంగా ఉంది, డి కీలో అరుగుదల కొద్దిగా మొదలైంది.

గేరు మార్చి ఊరుకుంటే కొత్త గేరుకూ ఇదే గతి పట్టేది. ఈ గిటార్లను పార్టులు మార్చి పంపించేసినవాళ్ల దగ్గరికి అదే గిటార్ మళ్లీ రావడానికి చాలాసార్లు కారణం ఇదే అని నా నమ్మకం.

బ్యాటరీ

లైట్లు ఆరిపోవడం వేరే లోపం, కానీ దానికీ దీనికీ సంబంధం ఉంది. మల్టీమీటర్‌తో చూస్తే మోటార్లు తిరగనప్పుడు బ్యాటరీ వోల్టేజ్ బాగానే ఉంది. అందుకే చార్జింగ్ ఫుల్ అని చూపిస్తోంది. మోటారు తిరగగానే వోల్టేజ్ దభీమని పడిపోతోంది, బోర్డు ఆగిపోతోంది. లిథియం సెల్ ముసలిదైతే దాని లోపలి నిరోధం పెరుగుతుంది. లోడ్ లేనప్పుడు అంతా సవ్యంగా కనిపిస్తుంది, పని చెప్పగానే చతికిలబడుతుంది. లోడ్ పెట్టకుండా బ్యాటరీ బాగుందని చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు.

దీనికి రెండు కారణాలు. జి మోటారు ఊరికే కొట్టుకోవడంతో ప్రతి ట్యూనింగ్‌కూ మామూలు కంటే ఎక్కువ కరెంటు లాగింది. రెండోది మన ఎండ. నల్లగొండలో మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. మూసిన కారులో అంతకంటే ఎంతో ఎక్కువ ఉంటుంది. గిటార్‌ను కేసులో పెట్టి కారు డిక్కీలో మధ్యాహ్నాలు వదిలేసిన సందర్భాలు ఉన్నాయని అతనే చెప్పాడు. లిథియం సెల్‌కు వేడి, అందులోనూ ఫుల్ చార్జ్‌లో ఉన్నప్పుడు వేడి, మహా చెడ్డది. మా ప్రాంతంలో ఈ గిటార్ ఉన్నవాళ్లు ఎండాకాలంలో బ్యాటరీని విడిగా తీసి, సగం చార్జ్‌లో, ఇంట్లో చల్లటి చోట పెట్టాలి. తీయడానికి వీలుంటే తప్పకుండా తీయాలి.

కొత్త బ్యాటరీ తెప్పించుకోవడం అనుకున్నంత తేలిక కాదు. విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో కార్గోగా పంపడాన్ని 2016 ఏప్రిల్ 1 నుంచి నిషేధించారు. కార్గో విమానంలో పంపాలన్నా 30 శాతానికి మించి చార్జ్ ఉండకూడదు, ప్యాకింగ్‌కూ లేబుళ్లకూ నిబంధనలున్నాయి. అందుకే విదేశంలో ఒక చిన్న బ్యాటరీ అమ్మేవాడు ఇండియాకు పంపనంటాడు. మొండితనమేమీ లేదు, నిబంధన అలా ఉంది. ప్రయాణికుడు మాత్రం తన వాడకానికి 100 వాట్ అవర్ల లోపు విడి బ్యాటరీని చేతి సామానులో తెచ్చుకోవచ్చు. కొసలు ఒకదానికొకటి తగలకుండా టేపు వేసి, విడి కవర్‌లో పెట్టాలి. చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు. ఇక్కడ అక్కలు, బావలు నిజంగా పనికొస్తారు.

ఈ కేసులో ఎవరో వచ్చేదాకా ఆగే టైం లేదు. పాత ప్యాక్ ఉబ్బలేదు, కాబట్టి లోపలి సెల్ మార్చడానికి ఒప్పుకున్నాను. ఉబ్బిన సెల్‌ను ఎవరూ విప్పొద్దు, దానికి బ్లేడు తగిలితే మంటే. విప్పే ముందు లోపల ఎన్ని సెల్స్ ఉన్నాయో లేబుల్ మీది వోల్టేజ్ బట్టి అంచనా వేయాలి. 3.7 వోల్టులైతే ఒకటి, 7.4 అయితే రెండు వరసగా ఉంటాయి. సెల్ మీద సాధారణంగా ఆరంకెల సంఖ్య ఉంటుంది, అదే దాని కొలత. ఉదాహరణకు 503040 అని ఉంటే 5 మిల్లీమీటర్ల మందం, 30 వెడల్పు, 40 పొడవు. ఆ సంఖ్య రాసుకుని కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే అదే సైజువి, దగ్గరి సైజువి దొరుకుతాయి. మందం ఒక మిల్లీమీటర్ ఎక్కువైనా మూత పడదు. బలవంతంగా నొక్కి మూయడం అసలు చేయకూడదు.

పాత ప్యాక్‌లోని చిన్న రక్షణ బోర్డును జాగ్రత్తగా దాచి కొత్త సెల్‌కు అదే వేశాను. అతిగా చార్జ్ కాకుండా, అతిగా ఖాళీ కాకుండా, షార్ట్ అయితే తెగిపోయేలా చూసేది ఆ బోర్డే. సెల్ ఒంటికి సోల్డర్ ఐరన్ తగలనివ్వకూడదు. దానితో వచ్చే రేకు కొసల మీదే, తక్కువ సేపు, తక్కువ వేడితో అతకాలి. తర్వాత మంట అంటుకోని చోట, కళ్లెదుట మొదటి చార్జింగ్ పెట్టి చూశాను. ఒక్కో సెల్ 4.2 వోల్టుల దగ్గర ఆగింది. లోడ్ పెట్టినా నిలబడింది. పాత సెల్‌ను చెత్తబండిలో వేయకుండా ఈ-వేస్ట్ సేకరించేవాళ్లకు ఇచ్చాను. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు కూడా అదే చెబుతున్నాయి.

నట్ పని

ఇందులో పెద్ద విశేషం లేదు, ఓపిక కావాలంతే. స్ట్రింగ్ మందానికి తగిన సన్న ఆకురాళ్లతో డి, జి గాడులను వెడల్పు చేశాను. అడుగు లోతు ముట్టుకోలేదు, లోతు పెరిగితే ఓపెన్ స్ట్రింగ్ మొదటి ఫ్రెట్‌కు తగిలి గరగరమంటుంది. గాడి వెనక కొసను స్ట్రింగ్ వెళ్లే దిశలో కొంచెం గుండ్రంగా చేశాను. చివర 2బి పెన్సిల్ ముక్కు గాడిలో రుద్దాను, గ్రాఫైట్ జారుడు ఇస్తుంది. మళ్లీ అదే వేలి పరీక్ష చేస్తే జి స్ట్రింగ్ నొక్కినా లాగినా తిరిగి తన చోటికే వచ్చింది. స్ట్రింగుల సెట్ కూడా మార్చమన్నాను. 10-46కి తిరిగి వెళ్లడానికి కుర్రాడు ఒప్పుకున్నాడు. సౌండ్ నిండుదనం యాంప్‌లో మిడ్ పెంచి తెచ్చుకోవచ్చని వాయించి చూపించాను.

పార్టుల వేట, క్రిస్మస్

ఇక గేరు. ఒక్క గేరు విడిగా ఎక్కడా అమ్మరు. కీ మొత్తం దొరకాలి, అది కూడా ఈ తలకు చేసిన కిట్‌దే అయ్యుండాలి. మూడు మూడు తలకు ఒక రకం కిట్, ఆరు ఒకే వరసలో ఉండే తలకు ఇంకో రకం. పేరొకటే అయినా ఒకదాని పార్టు మరోదానికి సరిపోదు. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు ఫొటోలో సరిగ్గా ఇదే కీ చూపించి, ఏ తలదో చెప్పమంటే నీళ్లు నమిలాడు. డబ్బు పంపొద్దని కుర్రాడికి చెప్పాను.

గేరును ఇక్కడే తయారు చేయించొచ్చా అని కూడా చూశాను. అంత చిన్న పళ్లను లేత్ మీద తీయడం మా చుట్టుపక్కల కుదరదు. త్రీడీ ప్రింటింగ్‌లో ఆకారం వస్తుంది గానీ ఒక స్ట్రింగ్ బిగింపు ఏడెనిమిది కిలోలు. ఆ భారం నిత్యం మోసేలా ఇంత చిన్న ప్లాస్టిక్ పళ్లు నిలబడతాయన్న నమ్మకం నాకు కలగలేదు.

దానితో పని రెండుగా విడగొట్టాను. క్రిస్మస్‌కు గిటార్ వాయించాలి, అది ఆగకూడదు. మోటార్ల కిట్ బాగవ్వాలి, దానికి తొందర లేదు. ఈ రకం కిట్లలో ఒక మంచి గుణం ఉంది. బిగించడానికి చెక్కకు కొత్త రంధ్రాలు పెట్టక్కర్లేదు. ఉన్న రంధ్రాల్లోనే కూర్చుంటాయి. అంటే విప్పేస్తే మామూలు గిటార్ మళ్లీ మన చేతిలో ఉంటుంది. పాత యజమాని ఒరిజినల్ కీలు దాచి ఇచ్చి ఉంటే ఖర్చే ఉండేది కాదు, అవి రాలేదు. వెర్నియర్ కాలిపర్‌తో రంధ్రం కొలిస్తే 10 మిల్లీమీటర్లు వచ్చింది. గ్రోవర్, గోటో లాంటి కంపెనీల కీలు చాలావరకు ఆ కొలతకే వస్తాయి. పాత తరహా సన్న కీలైతే 8 చిల్లర ఉంటుంది, కొన్నింటికి ఇంకా చిన్నది. కొలవకుండా ఆర్డర్ పెడితే కీ వదులుగా ఊగుతుంది, లేదా రంధ్రం పెద్దది చేయాల్సి వస్తుంది. చెక్క ఒకసారి తీస్తే తిరిగి రాదు. స్క్రూ రంధ్రం ఏ కోణంలో ఉందో కూడా చూసుకోవాలి. నేరుగా కిందికా, పక్కకు ఏటవాలుగానా అన్నదాన్ని బట్టి కీ మోడల్ మారుతుంది.

18:1 నిష్పత్తి ఉన్న లాకింగ్ కీలు (స్ట్రింగ్ కొసను బిగించి పట్టేవి) హైదరాబాద్‌లోనే దొరికాయి. కీని 18 సార్లు తిప్పితే స్ట్రింగ్ చుట్టుకునే స్తంభం ఒక చుట్టు తిరుగుతుంది. 14:1 కంటే సన్నగా సర్దుకోవచ్చు. అవి బిగించి, ఒక క్లిప్ ట్యూనర్ చేతికిచ్చి పంపించాను. ఆ క్రిస్మస్ ఆరాధనల్లో గిటార్ అలాగే మోగింది. సరిచేసిన నట్ వల్ల శ్రుతి అంతకు ముందు కంటే ఎక్కువసేపు నిలబడుతోందని అతనే ఫోన్ చేసి చెప్పాడు.

ఇక్కడితో ఆపేయొచ్చు, నేనైతే ఆపేసేవాణ్ని. కానీ కుర్రాడికి మోటార్లు ఊరికే మోజు కోసం కాదు. ఆరాధనలో కొన్ని పాటలు ఓపెన్ డిలో (ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటితేనే డి కార్డ్ పలికే శ్రుతి), కొన్ని మామూలు శ్రుతిలో వాయిస్తాడు. మధ్యలో ఆగకుండా ప్రార్థన నడుస్తుంటే చేతితో మార్చుకునే సమయం ఉండదు, రెండో గిటార్ కొనే స్తోమత లేదు. "బటన్ నొక్కితె చాలన్నా, నా దృష్టి పాట మీదనే ఉంటది" అన్నాడు. అది న్యాయమైన అవసరం. పరికరం యజమాని పనికి పనికొచ్చేలా చేయడమే నా పని.

వేరే దారులు కూడా మాట్లాడుకున్నాం. ఎవర్‌ట్యూన్ అనే బ్రిడ్జ్ ఉంది, స్ప్రింగులు, మీటలతో పనిచేస్తుంది, బ్యాటరీ అక్కర్లేదు. బిగింపును స్థిరంగా పట్టి ఉంచుతుంది కాబట్టి శ్రుతి దాదాపు కదలదు. కానీ దానికోసం బాడీ చెక్క తొలచాలి, పైగా ఒక శ్రుతి నుంచి ఇంకో శ్రుతికి మారడానికి పెట్టింది కాదు. రోడీ అనే చేతి పరికరం ఇంకోటి. మోటారు దాని లోపలే ఉంటుంది, మామూలు కీకి తగిలించి మీటితే అదే తిప్పుతుంది. ఒక్కో స్ట్రింగే చేయాలి కాబట్టి ఆలస్యం. కొత్తగా కొనేవాళ్లు అడిగితే నేను మామూలు గిటారూ, విడిగా ఇలాంటి చేతి పరికరమూ తీసుకొమ్మంటాను. పరికరం పోతే గిటార్‌కు ఏమీ కాదు. ఈ కుర్రాడి అవసరానికి మాత్రం అది సరిపోదు.

చివరికి అమెరికాలో ఒకరు విప్పి పక్కన పెట్టిన, సరిగ్గా ఇదే రకం కిట్ వాళ్లక్కకు దొరికింది. కొనే ముందు అమ్మేవాడిని మూడు ఫొటోలు అడగమన్నాను. వెనక లేబుల్, ఆరు కీలూ ఒక వరసలో, పక్కన స్కేలు పెట్టి, తల రంధ్రాల్లో కూర్చునే కీ ఒరలు. ఒక చిన్న వీడియోలో ఆరు మోటార్లూ తిరగడం కూడా చూపించమన్నాం. మోటార్ల భాగం మరుసటి వేసవి తర్వాత ఊరికి వస్తున్న చుట్టం సామానులో వచ్చింది, బ్యాటరీ విడిగా చేతి సంచిలో వచ్చింది. కొరియర్‌లో అయితే కస్టమ్స్ సుంకం, దానిపై పన్ను, హ్యాండ్లింగ్ చార్జీ అన్నీ కలిపి అంచనా వేసుకున్నాకే తెప్పించాలి. సెకండ్ హ్యాండ్ వస్తువు ధర తక్కువని చూసి, ఇంటికొచ్చేసరికి అయ్యే మొత్తం మరిచిపోతుంటారు.

తిరిగి బిగించాక

కొత్తగా వచ్చిన కిట్ మొత్తాన్ని బిగించలేదు. అతని పాత బోర్డు బాగా పనిచేస్తోంది, దాన్నే ఉంచి జి, డి కీలు రెండు మాత్రం మార్చాను. మిగిలిన నాలుగు కీలు, రెండో బోర్డు స్పేర్‌గా ఉన్నాయి. ఈ కీలలో గేరు ఎప్పుడు ఎటు కూర్చుందో బోర్డుకు తెలియాలి కాబట్టి కాలిబ్రేషన్ పూర్తిగా మొదటి నుంచి చేయాలి. కొత్త స్ట్రింగులు వేసి, బాగా లాగి సాగదీసి, ఆ తర్వాతే మోటారుకు అప్పజెప్పాలి. సాగని కొత్త స్ట్రింగ్ మీద మోటారు అనవసరంగా శ్రమపడుతుంది.

ఇప్పుడు మామూలు శ్రుతి నుంచి ఓపెన్ డికి మారడం ఒక చరణానికీ ఇంకో చరణానికీ మధ్య సంగీతం నడిచేలోపే అయిపోతోంది. జి దగ్గర కొట్టుకోవడం లేదు. పక్కన డ్రమ్స్ గట్టిగా మోగుతున్నప్పుడు ఒక్కోసారి ఒక స్ట్రింగ్ తప్పుతోంది. తలను ఒంటికి, స్పీకర్‌కు తాకనివ్వకుండా ఉంచి మళ్లీ మీటితే సరిపోతోంది. మొన్న సర్వీసింగ్‌కు తెస్తే జి కీ మూత తీసి చూశాను, గ్రీజు నల్లగా, శుభ్రంగా ఉంది.

మన జిల్లాల్లో, అటు పాలమూరు వైపు కూడా, ఇలాంటి గిటార్ మూలన పెట్టినవాళ్లు నన్ను గానీ వేరే రిపేరర్‌ను గానీ కలిసే ముందు కొన్ని చూసుకోవాలి. మోటార్లు తల వెనక ఒకే డబ్బాలో ఉన్నాయా, బాడీలో కూడా ఉన్నాయా అన్నది మొదటిది. బాడీలో లైట్ల నాబ్ ఉంటే అది తొలి తరం, దాని సంగతి వేరు, విప్పకండి. తల వెనకదైతే లేబుల్ ఫొటో తీయండి. బ్యాటరీ ఉబ్బిందేమో ఒక సమతల బల్ల మీద పెట్టి చూడండి, కాస్త ఊగినా చార్జింగ్ పెట్టొద్దు. ఏ నంబర్ స్ట్రింగులు వేశారో రాసుకోండి. ఒరిజినల్ కీలు ఏ డబ్బాలోనైనా ఉన్నాయేమో ఇల్లంతా వెతకండి, గిటార్ పంపినవాళ్లను కూడా అడగండి. నకిరేకల్ కుర్రాడి కేసు జేబులో ఇప్పుడు ఆ ఆరు లాకింగ్ కీలు, వాటి స్క్రూలు, సరిపోయే రెంచ్ ఉన్నాయి. బోర్డు ఏ ఆదివారం ఉదయం ఆగిపోయినా గంటలోపు మార్చుకోవడం అతనికే నేర్పించాను.